పొన్నియిన్ సెల్వన్: నవల చదవాలా, సినిమా చాలదా? పోలిక ఎక్కడ మొదలుపెట్టాలి?

కనిగిరి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. కొంచెం కుదించి రాస్తున్నాను: "పొన్నియిన్ సెల్వన్ రెండు భాగాలూ చూశాను సార్. బాగా నచ్చి తెలుగు అనువాదం తెప్పించుకున్నాను. వంద పేజీలు దాటినా కథ కదలడం లేదు. సినిమాలో నందిని వేరు, పుస్తకంలో నందిని వేరు. కొన్ని పాత్రలు సినిమాలో లేనే లేవు. మణిరత్నం నవలని పాడు చేశాడని కొందరంటారు, నవలే సాగదీశారని కొందరంటారు. మా కాలేజీలో నవల, సినిమా పోలిక మీద పదిహేను నిమిషాలు మాట్లాడాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇందులో నిజం చరిత్ర ఎంత?"

ముందు సూటిగా జవాబు. ఏ పాత్ర పోయింది, ఏ సంఘటన మారింది అనే పట్టికతో మొదలుపెట్టొద్దు. నవలలో మనం ఎవరి వెంట నడుస్తాం, సినిమాలో ఎవరి వెంట నడుస్తాం అన్నది ముందు తేల్చుకోండి. కల్కి నవల, చోళ యువరాజు కరికాలుడి దూతగా వచ్చిన వంద్యదేవుడిది. మణిరత్నం సినిమా ఆ కరికాలుడిది, అతను ప్రేమించిన నందినిది. ఈ ఒక్క మార్పు పట్టుకుంటే మిగతా మార్పులు ఎందుకు జరిగాయో చాలావరకు వాటంతట అవే తెలిసిపోతాయి. ఇక ఏది గొప్ప అని మీరు ఎటూ అడుగుతారు కాబట్టి నా లెక్క చెప్పేస్తాను: కరికాలుడి విషయంలో సినిమా గెలిచింది, ముగింపులో నవల గెలిచింది.

నేను నెల్లూరులో డిగ్రీ పిల్లలకు చాలా ఏళ్లు తెలుగు చెప్పాను. పుట్టి పెరిగింది తడ దగ్గర, కాబట్టి తమిళం చదవడం చిన్నప్పుడే వచ్చేసింది. మా వైపు అదేమంత విశేషం కాదు, బస్సు బోర్డు చదవాలన్నా కావాలి. నవలని, దాని మీద తీసిన సినిమాని పక్కపక్కన పెట్టి చెప్పడం నాకు ఇష్టమైన పని. ఇప్పటికీ మా ఊళ్లో ఒక చిన్న చదువరుల గుంపుతో అదే చేస్తుంటాను. ఈ నవల మీద మేం పెట్టుకున్నన్ని గొడవలు ఇంకే పుస్తకం మీదా పెట్టుకోలేదు.

ముందు కొలతలు చూడండి. కల్కి కృష్ణమూర్తి ఈ నవలని తన 'కల్కి' పత్రికలో 1950 అక్టోబరు నుంచి 1954 మే దాకా వారం వారం రాశారు. ఐదు సంపుటాలు, మొత్తం 293 అధ్యాయాలు. సినిమా 2022 సెప్టెంబరులో ఒక భాగం, 2023 ఏప్రిల్లో ఇంకో భాగం వచ్చింది. రెండూ కలిపి ఐదున్నర గంటలు. అంటే అధ్యాయానికి నిమిషం చిల్లర. ఈ లెక్క వేశాక "అది తీసేశారు, ఇది తీసేశారు" అనే ఫిర్యాదులో పస ఉండదు. తీయకుండా ఎట్టా కుదురుతుంది? ఏది ఉంచారు, ఉంచినదాన్ని దేని చుట్టూ తిప్పారు అన్నదే చూడాలి.

వారం వారం రాశారన్న సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీకు వంద పేజీల్లో కథ కదలడం లేదనిపించడానికి కారణం అదే. అవి వారానికి ఒకటో రెండో అధ్యాయాలు చదివి, మిగతా ఆరు రోజులు ఇంట్లో దాని గురించే మాట్లాడుకునే జనం కోసం రాసిన పేజీలు. ప్రతి అధ్యాయం చివరా ఒక ముడి ఉంటుంది. పొదల్లో ఏదో కదులుతుంది, తలుపు అవతల ఎవరిదో మాట వినిపిస్తుంది, నడుముకు ఉండాల్సిన ఓలె (తాటాకు ఉత్తరం) ఉండదు. ఒక్క బిగిని కూర్చుని చదివితే ఈ ముళ్లే విసుగు పుట్టిస్తాయి. రోజుకు మూడు నాలుగు అధ్యాయాల కంటే ఎక్కువ చదవకండి.

సరే, మొదటి దృశ్యం.

నవలలో తమిళుల ఆడి మాసం పద్దెనిమిదో రోజు. నదుల్లో కొత్త నీళ్లు వచ్చిన పండగ. వీరనారాయణ చెరువు కట్ట మీద వంద్యదేవుడు అలిసిపోయిన గుర్రమెక్కి ఒక్కడే వస్తున్నాడు. కట్ట పొడుగునా జనం. ఇంటి దగ్గర వండి తెచ్చుకున్న అన్నాలు విప్పుకుని తింటున్న కుటుంబాలు, పాడుతున్న ఆడవాళ్లు, నీళ్లలో పడవలు. నెల్లూరు వాళ్లం ఇది చదివితే రొట్టెల పండగ నాటి స్వర్ణాల చెరువు కళ్ల ముందుకొస్తుంది. ఆ చెరువుకు 74 తూములని కల్కి లెక్క కూడా చెప్తాడు. కనిగిరి వాళ్లకు 74 తూముల చెరువంటే ఎట్టా ఉంటుందో నాకు తెలుసు, మీరు ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగే ఉంటారు. ఇంతవరకు రాజు లేడు, యుద్ధం లేదు. ఆ దేశానికి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు, ఆకలి మీద ఉన్నవాడు, నోరు ఊరుకోనివాడు, అన్నీ చూసుకుంటూ పోతున్నాడు. చోళ దేశం ఎంత పచ్చగా ఉందో అతని కళ్లతోనే చూస్తాం. ఆ పచ్చదనం కింద ఏదో కుళ్లుతోందని మొదట వాసన పట్టేదీ అతనే.

సినిమాలో? తోకచుక్క గురించి చెప్పే గొంతు (తెలుగులో అది చిరంజీవి గొంతు), ఆ తర్వాత రాష్ట్రకూటులతో యుద్ధం. దుమ్ము, గుర్రాలు, కరికాలుడి గెలుపు. ఈ యుద్ధం నవలలో లేదు. నవలలో కరికాలుడు మనకు కనిపించేసరికి మొదటి సంపుటం అయిపోవస్తుంది. 57 అధ్యాయాల సంపుటంలో అతను వచ్చేది మామల్లపురం అధ్యాయంలో, అంటే 51వ దానిలో. అదీ యుద్ధంలో కాదు. చేతిలో పని లేక, లంక మీదికి పోవడానికి కుదరక, కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ కనిపిస్తాడు. అప్పటిదాకా అతని గురించి మనం వింటామే కానీ చూడం.

ఈ రెండు మొదళ్లని పక్కపక్కన పెట్టి చెప్తే చాలు, మీ పదిహేను నిమిషాల్లో మూడు నిమిషాలు గడిచిపోతాయి, వినేవాళ్లకు అసలు విషయం అందుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం, పల్లకీ. మీరు ఆగిపోయిన చోటికి అటూ ఇటూగా ఉంటుంది. కడంబూరు కోటలో అర్ధరాత్రి పెద్దలంతా కూడి రాజు సుందర చోళుడి కొడుకుల్ని పక్కనపెట్టి, ఆయన పెదనాన్న కొడుకు మధురాంతకుడికి పట్టం కట్టాలని మంతనాలాడతారు. చోళ కొలువులో పెద్ద సామంతుడు ముసలి (పెద్ద) పళువేట్టరాయరు వెంట ఎప్పుడూ తెరలు దించిన పల్లకీ ఒకటి వస్తుంది. అందులో ఆయన పడుచు భార్య ఉందని లోకం అనుకుంటుంది. ఆ రాత్రి అందులోంచి దిగింది మధురాంతకుడు. మన కుర్రాడు దాక్కుని ఇదంతా చూశాడు. కొన్ని అధ్యాయాల తర్వాత తంజావూరు దారిలో అదే పల్లకీ ఎదురవుతుంది. లోపల ఉన్నది రాకుమారుడే, అతనితో రెండు మాటలు కలుపుదామని, కావాలనే గుర్రాన్ని పల్లకీకి తగిలించి, పైగా మీ బోయీలే నా గుర్రాన్ని గుద్దారని గోల మొదలుపెడతాడు. తెర కదులుతుంది. లోపల నందిని. అంత వాగుడుకాయకీ నోట మాట రాదు.

ఇక్కడ కల్కి చేసిన పని చూడండి. వంద్యదేవుడికి ఎంత తెలుసో మనకూ అంతే తెలుసు. అతను తెలివిగా ఊహించాననుకుని బోల్తా పడితే మనమూ అతనితో పాటే పడతాం. కథలో ఇక ముందు ఎవరు చెప్పింది నమ్మాలో తెలియని స్థితి అక్కడే మొదలవుతుంది.

సినిమాలోనూ పల్లకీ ఉంది, తాటిచెట్టు ముద్ర ఉంగరం ఉంది, వంద్యదేవుడిగా కార్తీ చిలిపితనం ఉంది. ఘట్టం బాగానే పండింది. కానీ మా గుంపులో ఒకమ్మాయి ఒక మాట అంది, దాన్ని నేను అప్పట్నుంచీ వాడుకుంటున్నాను: "పోస్టరు మీద ఐశ్వర్యా రాయ్‌ని చూసే కదా సార్ టికెట్ కొన్నాం, ఇక తెర వెనక ఎవరున్నారని ఎవరికి టెన్షన్?" అంతే. నవలలో 'పల్లకీలో ఎవరు?' అని ఒక అధ్యాయానికి పేరే పెట్టాడు కల్కి. సినిమాకి ఆ ప్రశ్న వేసే వీలే లేదు. అందుకని మణిరత్నం వేరే ప్రశ్న మీదికి వెళ్లాడు: ఈమెకు ఏం కావాలి? ఈమెకీ కరికాలుడికీ మధ్య ఏం జరిగింది? తారలతో తీసే సినిమాకు అది సరైన దారి అని నా అభిప్రాయం.

ఆ దారిలోకి వెళ్లాక సినిమా చేసిన మంచి పనులు రెండు.

ఒకటి, కరికాలుడు. నవలలో అతని ప్రేమకథ మనకు మాటల్లోనే తెలుస్తుంది. మొదటి సంపుటం చివరి అధ్యాయాల్లో స్నేహితుడు పార్థిబేంద్రుడికి తన నోటితో తానే చెప్పుకుంటాడు: చిన్నప్పటి నందిని, ఆమెను దూరం చేసిన రాజకుటుంబం, ఆఖరికి ఒక గుడిసెలో గాయపడ్డ పాండ్య రాజు వీరపాండ్యుడి పక్కన ఆమెను చూడడం, ఆమె కాళ్లావేళ్లా పడి వేడుకున్నా వినకుండా అతని తల నరకడం. చదవడానికి బాగుంటుంది, కానీ అది అయిపోయిన కథ. ఆ తర్వాత నాలుగు సంపుటాల్లోనూ మనకు కరికాలుడంటే భయమే ఎక్కువ. ఎప్పుడు ఎవర్ని ఏ మాటతో పొడుస్తాడో తెలియదు. సినిమా రెండో భాగం మొదలవడమే ఆ ఇద్దరు పిల్లలతో మొదలవుతుంది. మాటలు తక్కువ, చూపులెక్కువ. మొదటి భాగంలో యుద్ధం గెలిచిన మనిషి తాగి, తన తాగుడూ యుద్ధాలూ అన్నీ ఒక్క మనిషిని మర్చిపోవడానికేనని మొత్తుకుంటాడు. విక్రమ్ ఆ కొద్ది నిమిషాల్లో చేసింది, కల్కి కొన్ని వందల పేజీల్లో కూడా చేయలేదని నేనంటాను. తమిళ స్నేహితుల ముందు ఈ మాట అంటే కొట్టడానికొస్తారు. అయినా అంటాను.

రెండోది, ఒకే ముఖం. లంక అడవుల్లో తిరిగే మూగరాణి మందాకినికీ నందినికీ ఒకటే పోలిక. నవల నడిచేదే ఆ పోలిక మీద. కానీ కల్కికి బొమ్మ లేదు కదా (మణియం గారి బొమ్మలు పత్రికలో ఉండేవనుకోండి), అందుకని అచ్చు ఆమెలాగే ఉందని పాత్రల చేత పదే పదే చెప్పించాలి. సినిమాలో రెండు వేషాలూ ఐశ్వర్యా రాయే వేసింది. ఒక్క షాటు, పని అయిపోయింది.

ఇక పోగొట్టుకున్నవి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా.

కడంబూరు యువరాజు కందమారుడికి మణిమేఖల అని ఒక చెల్లెలుంది నవలలో. వంద్యదేవుడి మీద మనసు పడుతుంది. వంద్యదేవుడి మనసు కరికాలుడి చెల్లెలు కుందవై మీద. ఈ పిల్ల అంత పెద్ద కుట్రల మధ్య అతని కోసం ఏ పనికైనా తెగిస్తుంది, చివరికి అతని ఒళ్లోనే ప్రాణం విడుస్తుంది. సినిమాలో ఈమె లేదు. ఎందుకు లేదో మీకు ఇప్పటికి అర్థమై ఉండాలి. ఆమె కథ వంద్యదేవుడి కథలో ముక్క. కథ కరికాలుడి వైపు జరిగాక ఆమెకు చోటు లేదు. కోత న్యాయమే. కానీ దానికి చెల్లించిన ధర ఒకటుంది. నవల మొదట్లో చెరువు కట్ట మీద ఈల వేసుకుంటూ వచ్చిన కుర్రాడు, ఆఖరి పేజీకి ఆ కుర్రాడు కాదు. ఒక చావు అతన్ని మార్చేస్తుంది. సినిమాలో కార్తీ మొదటి భాగంలో ఎట్టా ఉన్నాడో రెండో భాగం చివర కూడా ఇంచుమించు అట్టాగే ఉంటాడు. చాలామంది ప్రేక్షకులకు 'వంద్యదేవుడు రెండో భాగంలో ఏదో తగ్గాడు' అనిపించిందే, ఆ వెలితి పేరు మణిమేఖల.

పూంగుళలి సంగతీ అంతే. కోడిక్కరై రేవులో పడవ నడిపే పిల్ల. రాత్రిపూట బురద నేలల్లోంచి లేచే కొరివి దయ్యాల మంటల్ని చూసి భయపడకపోగా వాటితో ముచ్చట్లాడే రకం. పులికాట్ వైపు రాత్రి ప్రయాణాలు చేసినవాళ్లకు ఆ అధ్యాయాలు మరీ నచ్చుతాయి. సినిమాలో ఆమెకు గొప్ప పరిచయం ఉంది, సముద్రమూ పాటా ఉన్నాయి. ఆ తర్వాత ఆమె కథ ఎటు పోయిందో చూసుకునే తీరిక సినిమాకు లేదు.

అసలు దెబ్బ సెందన్ అముదన్ దగ్గర తగిలింది. ఇక్కడి నుంచి ముగింపు బయటపెడుతున్నాను. నవల చివరిదాకా చదివే ఉద్దేశం ఉంటే ఈ రెండు పేరాలు దాటేయండి. అముదన్ తంజావూరు కోట బయట పూలతోటలో ఉంటాడు. మూగ తల్లి, శివభక్తి, పూలమాలలు కట్టడం, పూంగుళలి మీద నోరు విప్పి చెప్పుకోలేని ప్రేమ. మొదటి సంపుటంలో వంద్యదేవుడికి తల దాచుకోను చోటిచ్చేది ఇతనే. పాఠకుడు ఇతన్ని ఒక మంచి పిల్లవాడిగా చూసి ముందుకెళ్లిపోతాడు. ఐదో సంపుటానికి వచ్చాక తెలుస్తుంది, మధురాంతకుడి తల్లి అనుకున్న శెంబియన్ మహాదేవికి పుట్టిన అసలు బిడ్డ ఇతనే. ఇన్నాళ్లూ సింహాసనం కోసం తహతహలాడిన మధురాంతకుడు ఆమె బిడ్డే కాదు. కరికాలుడి తమ్ముడు అరుణ్మొళికి పట్టాభిషేకమని ఊరంతా కూడిన రోజున, తన తల మీదికి రావాల్సిన కిరీటాన్ని అరుణ్మొళి తీసుకెళ్లి అముదన్ తల మీద పెడతాడు. ఐదో సంపుటం పేరే 'త్యాగశిఖరం'. సినిమాలో అముదన్ ఉన్నాడో లేడో గుర్తుండనంత చిన్న వేషం. అక్కడ కిరీటం మధురాంతకుడికే వెళ్తుంది. పైగా దానికి ముందు రాష్ట్రకూటులతో ఇంకో యుద్ధం పెట్టారు, అదీ నవలలో లేదు.

తేడా ఎక్కడుందంటే, కల్కి కిరీటాన్ని అడగని వాడికి ఇప్పించాడు, సినిమా అడిగినవాడికి ఇచ్చింది. మొదటిది చదువుతుంటే ఒళ్లు ఝల్లుమంటుంది, ఎందుకంటే మనం ఎదురుచూడం. రెండోది చూస్తుంటే సరే, గొడవ తెగింది అనిపిస్తుంది. అందుకే ముగింపులో నవల గెలిచిందన్నాను. అయితే మా గుంపులో రెవెన్యూలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు దీనికి అస్సలు ఒప్పుకోరు. "ఆస్తి తగాదాలు నా జన్మంతా చూశానయ్యా. అడిగేవాడికి ఇచ్చి ఇంటి పోరు ఆపడమే అసలు త్యాగం. పుట్టగానే మార్చేసిన బిడ్డ, దొరికిన వారసుడు, ఇవన్నీ కథల్లో మాటలు" అంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది: చోళుల నాటి తిరువాలంగాడు రాగి శాసనాలు ఆయన వైపే ఉన్నాయి. పినతండ్రి వరసైన ఉత్తమ చోళుడికి (చరిత్రలో మధురాంతకుడు ఈయనే) రాజ్యం మీద కోరిక ఉన్నంతకాలం తనకు అది వద్దని అరుణ్మొళి అన్నాడనే ఆ శాసనం చెప్తుంది. అంటే ఈ ఒక్క చోట సినిమా శాసనానికి దగ్గరగా, నవల దూరంగా ఉన్నాయి. మీ ప్రసంగంలో ఈ మెలిక తప్పకుండా పెట్టండి. నవల అంటే నిజం, సినిమా అంటే కల్పన అనుకుని కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడతారు.

చరిత్ర ఎంత అని అడిగారు కదా, అది కూడా ఇక్కడే. సుందర చోళుడు, ఆదిత్య కరికాలుడు, అరుణ్మొళి (తర్వాత రాజరాజు, 985లో రాజయ్యాడు), కుందవై, ఉత్తమ చోళుడు, శెంబియన్ మహాదేవి, వీళ్లంతా ఉన్నవాళ్లే. వంద్యదేవుడి పేరు తంజావూరు పెద్ద గుడి శాసనంలో కుందవై భర్తగా కనిపిస్తుంది. అతని గురించి అంతకు మించి పెద్దగా ఏమీ లేదు, ఆ ఒక్క పేరు పట్టుకుని కల్కి ఇంత మనిషిని చేశాడు. నందిని, పూంగుళలి, ఆళ్వార్కడియాన్ నంబి, మణిమేఖల కల్పితాలు. కల్కి ఆధారపడ్డ చరిత్ర చాలావరకు నీలకంఠ శాస్త్రి గారి చోళ చరిత్ర. నవల అయిపోయాక ముగింపు మాటలో ఏది చరిత్ర, తర్వాత ఎవరేమయ్యారు అన్న పాఠకుల ప్రశ్నలకు కల్కి తనే సమాధానాలు రాశారు. మీ అనువాదంలో అది ఉంటే ముందుగా చదివినా నష్టం లేదు, కాకపోతే కథ తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. మన పిల్లకాయలు ఇద్దరు కరికాలుల్ని కలిపేస్తుంటారు. కావేరి మీద కల్లణై కట్టించాడని చెప్పే కరికాల చోళుడు సంగం కాలం వాడు, ఈ ఆదిత్య కరికాలుడికి ఎన్నో వందల ఏళ్ల ముందు మనిషి. మన నెల్లూరు ఏలిన తెలుగు చోడులు, తిక్కనను ఆదరించిన మనుమసిద్ధి వంశం వాళ్లు, తాము కరికాలుడి సంతతి అని చెప్పుకున్నది ఆ పాత కరికాలుణ్ని చూపించే. సభలో ఎవరో ఒకరు లేచి 'అయితే ఆదిత్య కరికాలుడు మన నెల్లూరు రాజులకు తాతా?' అని అడగొచ్చు. కాదని చెప్పండి.

తెలుగువాళ్లకు నిజంగా దగ్గరయ్యే చుట్టరికం వేరే ఉంది. రాజరాజ చోళుడు తన కూతురికి అక్క పేరే పెట్టుకున్నాడు, కుందవై అని. ఆ చిన్న కుందవైని వేంగి రాజు విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ల కొడుకు రాజరాజ నరేంద్రుడు. ఆయన అడిగితేనే నన్నయ మహాభారతం మొదలుపెట్టాడు. అంటే సినిమాలో లంక అడవుల్లో తిరిగిన ఆ అరుణ్మొళి, మన ఆదికవిని పోషించిన రాజుకు తల్లి వైపు తాత. ఈ మాట నేను క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీలు కూడా తలెత్తేవి.

రెండు చిన్న విషయాలు చెప్పి మీ ప్రసంగం దగ్గరికొస్తాను. మనవాళ్లలో చాలామందికి ఈ సినిమా ఎక్కకపోవడానికి పెద్ద కారణం పేర్లు. పెద్ద పళువేట్టరాయరు, చిన్న పళువేట్టరాయరు, పార్థిబేంద్ర పల్లవుడు, అన్నీ ఒక్క గంటలో మీద పడితే ఎవరు ఎవరి మనిషో తెలిసేలోపు విశ్రాంతి వచ్చేస్తుంది. మా గుంపులో ముందు ఒక కాగితం మీద వంశవృక్షం గీసి ఇచ్చి, తర్వాత సినిమా వేశాం. మొదటిసారి నిద్రపోయినవాళ్లు రెండోసారి ముందుకు జరిగి కూర్చున్నారు. మీరూ బోర్డు మీద అది గీయండి, పది పేర్లు మించకుండా. రెండోది, సినిమాని ఫోనులో చూసి నవలతో పోల్చొద్దు. నేను మొదటి భాగం సూళ్లూరుపేట పెద్ద తెర మీద చూశాను, అరవ కుటుంబాలు మద్రాసు నుంచి కార్లేసుకుని వచ్చి చూస్తున్నాయి. తోట తరణి వేసిన కోటలు, లంకలో వాన, తుఫానులో ఓడ, ఇవన్నీ కల్కి వర్ణనలకు సినిమా ఇచ్చిన జవాబులు. అరచేతి తెర మీద అవి సగం కనిపించవు.

ఇక పదిహేను నిమిషాలు. రెండు మొదటి దృశ్యాలతో ఆరంభించండి. అక్కడి నుంచి పల్లకీకి రండి, పోస్టరు మాట వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. తర్వాత కరికాలుడి ప్రేమకథ నోటితో చెప్పడం, తెర మీద చూపించడం. పాత్రల కోతలో మణిమేఖల ఒక్కతే చాలు, జాబితా చదివితే జనం లేచిపోతారు. కిరీటంతో ముగించండి, తిరువాలంగాడు శాసనంతో సహా. పాటలు, దుస్తులు, నటీనటులు ముట్టుకోకండి, ఒక్కసారి అటు వెళ్తే త్రిషా ఐశ్వర్యా రాయా అన్న చర్చలో మీ సమయం కరిగిపోతుంది. నవల అంతా ఈలోపు పూర్తికాకపోతే భయపడకండి. మొదటి సంపుటం మొత్తం, ఐదో సంపుటంలో పట్టాభిషేకం అధ్యాయాలు చదివితే ఈ ప్రసంగానికి సరిపోతుంది. మిగతాది సెలవుల్లో చదువుకోండి. రెండో సంపుటంలో లంక వచ్చేదాకా ఓపిక పట్టండి, నవల పేరులో ఉన్న కథానాయకుడు అరుణ్మొళి (పొన్నియిన్ సెల్వన్ అంటే ఇతనే) మనకు కళ్లెదుట కనిపించేది అప్పుడే.

అయ్యాక ప్రశ్నలు అడగమంటారు. మొదటి ప్రశ్న నేనిప్పుడే చెప్తాను: కరికాలుణ్ని ఎవరు చంపారు? నవల దీన్ని తేల్చదు. చీకటి గది, నందిని, దాక్కున్నవాళ్లు, తర్వాత నేరం తన మీద వేసుకునే పెద్ద పళువేట్టరాయరు, నేరం మోపబడి చెరసాలలో పడే వంద్యదేవుడు. చదివినవాళ్లు డెబ్భై ఏళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నారు. సినిమా ఆ గదిలోంచి దాదాపు అందర్నీ బయటికి పంపేసి ఇద్దర్నే మిగిల్చింది, అతను తన చావు తానే కోరి తెచ్చుకున్నట్టు చూపించింది. చరిత్ర వైపు నుంచి ఉన్నది కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర ఉడైయార్‌గుడి శాసనం. రాజరాజు రాజయ్యాక, కరికాలుణ్ని చంపిన ద్రోహులుగా సోమన్, రవిదాసన్, పరమేశ్వరన్ అనే అన్నదమ్ముల పేర్లు చెప్పి, వాళ్లవీ వాళ్ల బంధువులవీ భూములు జప్తు చేసినట్టు అందులో ఉంది. ఎందుకు చంపారో, ఎవరు చేయించారో లేదు. మూడూ చెప్పి కూర్చోండి. మీ సొంత అనుమానం ఎవరి మీదో అడిగితే మాత్రం దాటెయ్యకండి, పేరు చెప్పి ఎందుకో కూడా చెప్పండి. నాకైతే చిన్నప్పట్నుంచీ పెద్ద పళువేట్టరాయరి మీదే అనుమానం, మా గుంపులో ఇంకెవరికీ లేదు.